చక్కెర బదులు సరుకు: ఏది కొనవచ్చు, ఏది వద్దు

చక్కెరకు బదులుగా అమ్మే సరుకు ఇప్పుడు రకరకాల రూపాల్లో దొరుకుతోంది. చొక్కా గుండీ కన్నా చిన్న మాత్రలు, చుక్కల సీసాలు, సాచెట్లు, చక్కెరలాగే మెరిసే పలుకులు, ‘చెంచాకు చెంచా’ అని రాసిన తేలికపాటి పొడి. వీటి పక్కనే తేనె, బ్రౌన్ షుగర్, అగావే అనే మొక్క నుంచి తీసే సిరప్ కూడా ఆరోగ్యకరమైన తీపి అన్న పేరుతో అమ్ముడవుతున్నాయి. డబ్బా మీద బొమ్మలు, మాటలు ఒకేలా ఉన్నా లోపలున్న పదార్థాలకు ఒకదానితో ఒకటి పొంతన లేదు. అందుకే ఈ సమీక్ష బ్రాండ్ల వారీగా కాకుండా పదార్థాల వారీగా సాగుతుంది.

ముందే తీర్పు చెప్పేస్తాం. టీ, కాఫీలకు మాత్రలు లేదా చుక్కలు కొనండి. సాచెట్లు ప్రయాణంలో పర్వాలేదు, ఇంట్లో అవసరం లేదు. చక్కెరలా మెరిసే ఎరిత్రిటాల్ పలుకులు కొన్ని వంటలకు బాగా కుదురుతాయి, కొన్నిటిని పాడుచేస్తాయి. తేనె, బ్రౌన్ షుగర్, అగావే ఈ పనికి అసలు పనికిరావు. మాల్టిటాల్ అనే తీపితో చేసిన ‘షుగర్ ఫ్రీ’ చాక్లెట్లు షుగర్ వ్యాధి ఉన్నవారు లెక్క చూడకుండా తినదగ్గవి కావు.

తీసెయ్యాల్సిన చక్కెర ఎంత

ఏ సరుకైనా ఎంత పని చేస్తుందో తెలియాలంటే అది తగ్గించాల్సింది ఎంతో ముందు తేలాలి. అంచుకు సమంగా గీసిన టీ చెంచాడు చక్కెర 4 గ్రాములు. గుట్టగా తీస్తే 6, 7 గ్రాములకు పోతుంది. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. రెండు చెంచాలే అనుకుంటారు, కప్పులో పడేది మూడు. గుట్ట చెంచాలు రెండేసి చొప్పున రోజుకు నాలుగు కప్పులు తాగితే ఒక్క టీతోనే 48 గ్రాములు దాటుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫ్రీ షుగర్స్ నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో 10 శాతానికి లోపు ఉండాలి, 5 శాతానికి లోపు ఉంటే ఇంకా మేలు. 2000 కేలరీల ఆహారానికి ఇది 50 గ్రాములు, 25 గ్రాములు అవుతుంది. ఫ్రీ షుగర్స్ అంటే కలిపిన చక్కెర ఒక్కటే కాదు. తేనె, సిరప్‌లు, పండ్ల రసాలు, చిక్కబరిచిన రసాలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కోసుకుని తినే పండులో, పాలలో సహజంగా ఉన్న చక్కెర మాత్రం రాదు. 330 మిల్లీలీటర్ల మామూలు కోలా డబ్బాలో సుమారు 35 గ్రాములు ఉంటుంది. అంటే రోజూ ఒక డబ్బా తాగేవారు టీలో చక్కెర పూర్తిగా మానేసినా 25 గ్రాముల గీత దాటినట్టే. వారికి ఈ మాత్రలూ పొడులూ చేసే మేలు తక్కువ. ముందు ఆ డబ్బా పోవాలి.

హాని ఎక్కడ జరుగుతుందో తెలిస్తే ఏ సరుకు దేనికి జవాబో అర్థమవుతుంది. చక్కెర అణువులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. గ్లూకోజ్‌ను ఒంట్లో ప్రతి కణమూ వాడుకుంటుంది, కండరాలు, కొవ్వు కణాలు దాన్ని లోపలికి తీసుకోవడానికి ఇన్సులిన్ కావాలి. ఫ్రక్టోజ్ భారం ఎక్కువగా పడేది కాలేయం మీద. కొద్దికొద్దిగా వస్తే చిన్నపేగు, కాలేయం సర్దుకుంటాయి. తాగే రూపంలో ఒక్కసారిగా, రోజూ, అవసరానికి మించి వస్తే కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. ఫ్రక్టోజ్‌ను విడగొట్టే తొలి మెట్టులో యూరిక్ ఆమ్లం కూడా పెరుగుతుంది కాబట్టి గౌట్ (యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే కీళ్ళ వ్యాధి) ఉన్నవారికి ఇది అదనపు పోటు. పైగా ద్రవంగా లోపలికి వెళ్ళిన కేలరీలకు కడుపు నిండిన భావన సరిగా రాదు. తాగినంత మేర తరువాతి భోజనం తగ్గదు.

పళ్ళ విషయంలో మొత్తం ఎంత తిన్నామన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. నోట్లో బ్యాక్టీరియా చక్కెరను కొద్ది నిమిషాల్లోనే ఆమ్లంగా మారుస్తుంది. పంటి మీద పీహెచ్ 5.5 కన్నా తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ సర్దడానికి అరగంటో, అంతకు మించో పడుతుంది. గంటగంటకూ ఒక గుక్క తీపి కాఫీ తాగేవారి పళ్ళకు కోలుకునే వ్యవధే దొరకదు.

మాత్రలు

ఈ సరుకంతటిలో లెక్క సూటిగా ఉండేది మాత్రలదే. ఒక మాత్ర ఒక చెంచాడు చక్కెర తీపికి సమానం. గుట్ట చెంచా గొడవ ఉండదు, చెయ్యి జారడం ఉండదు. మీట నొక్కితే ఒక్కటే పడే చిన్న డబ్బీలు బాగున్నాయి. మూత తీసి ఒంపుకునేవి తడి చేతులతో ముట్టుకుంటే ముద్దకడతాయి, అవి కొనవద్దు.

లోపల ఏ తీపి ఉందన్నదాన్ని బట్టి వాడకం మారుతుంది. సాకరిన్ వీటన్నిటిలో పాతది, 1879లో బయటపడింది. చక్కెర కన్నా 300 రెట్లకు పైగా తియ్యన, వేడికి చెక్కుచెదరదు, కానీ నాలుక చివర లోహం చేదు మిగులుతుంది. ఆ చేదును కప్పడానికే చాలా కంపెనీలు దానికి సైక్లమేట్ కలుపుతాయి. ఈ జంట రుచి విడిగా సాకరిన్ కన్నా చాలా నయం. అయితే సైక్లమేట్‌ను అమెరికా 1969లో నిషేధించింది, ఇంకా అనేక దేశాలు అనుమతిస్తున్నాయి. కాబట్టి ప్రయాణాల్లో ఒకే బ్రాండు మాత్ర రెండు దేశాల్లో రెండు రుచులతో కనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

ఆస్పర్టేమ్ రుచి చక్కెరకు దగ్గరగా ఉంటుంది. చక్కెర కన్నా సుమారు 200 రెట్లు తియ్యన. దాని బలహీనత వేడి. టీని పొయ్యి మీద మరిగించేటప్పుడే వేస్తే కాసేపటికి విడిపోయి తీపి తగ్గిపోతుంది. ‘రెండు మాత్రలు వేసినా చప్పగా ఉంది’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే. దించి కప్పులో పోసుకున్నాక వేసుకోవాలి. ఫినైల్‌కీటోనూరియా అనే పుట్టుకతో వచ్చే వ్యాధి ఉన్నవారు ఆస్పర్టేమ్ ముట్టుకోకూడదు. అందులోని ఫినైలాలనైన్‌ను వారి శరీరం విరగ్గొట్టలేదు. ఆ హెచ్చరిక లేబుల్ మీద ఉంటుంది.

సుక్రలోజ్ చక్కెర కన్నా 600 రెట్లు తియ్యన, మరిగే టీలో వేసినా ఏమీ కాదు. రోజువారీ టీ, కాఫీలకు మేము ముందుగా సూచించేది సుక్రలోజ్ మాత్రలనే. ఒకే ఒక్క మెలిక: ఓవెన్‌లో, మూకుట్లో పొడి వేడి మీద 120 డిగ్రీలు దాటించే వంటల్లో దీన్ని వాడవద్దు. అంత వేడిలో క్లోరిన్ ఉన్న అవాంఛిత సమ్మేళనాలు ఏర్పడవచ్చని జర్మనీ ఆహార భద్రతా సంస్థ 2019లో హెచ్చరించింది. నీటిలో మరిగే పానీయం 100 డిగ్రీలు దాటదు కాబట్టి అక్కడ ఈ బెంగ లేదు.

మాత్రను గట్టిపరిచే పదార్థం కూడా చూసుకోవాలి. కొన్నిటిలో లాక్టోజ్ ఉంటుంది. పాల చక్కెర అస్సలు పడనివారు, పాలు కూడా ముట్టని శాకాహారులు గమనించాలి. కొన్నిటిలో నురగ కోసం సోడియం బైకార్బొనేట్ వేస్తారు. అవి చల్లటి పానీయంలో కూడా త్వరగా కరుగుతాయి. బైకార్బొనేట్ లేని మాత్ర చల్లటి నీళ్ళలో అడుగున గింజలా మిగిలిపోతుంది. దాన్ని ముందు చెంచాడు గోరువెచ్చటి నీటిలో కరిగించి కలుపుకోవాలి.

చుక్కలు

చల్లటి పానీయాలు, పెరుగు, ఓట్స్ లాంటివాటికి చుక్కలే మేలు. పూరక పొడులు ఉండవు, కేలరీలు లేనట్టే. నీరు, తీపి, పాడవకుండా ఉంచే పదార్థం కొద్దిగా, ఇంతే. ఇబ్బంది కొలతది. ఒక కంపెనీ చుక్క అరచెంచా చక్కెరకు సమానమైతే మరొకరిది పూర్తి చెంచాకు సమానం. సీసా మార్చిన రోజున పాత లెక్కతో వేస్తే కాఫీ పారబోయాల్సిందే. సీసాను నిలువుగా తలకిందులు చేసి పట్టుకుంటే చుక్కలు ఒకే సైజులో పడతాయి, ఏటవాలుగా పట్టుకుంటే పెద్దవవుతాయి. కొత్త సీసా తెచ్చినప్పుడు ఒక గ్లాసు నీటిలో ఒక్కో చుక్కా వేసి రుచి చూసి మీ లెక్క రాసి పెట్టుకోండి.

చుక్కల్లో స్టీవియా ఎక్కువ. స్టీవియా దక్షిణ అమెరికా మొక్క, పరాగ్వే, బ్రెజిల్ ప్రాంతాలది. అమ్మేది ఆకు పొడి కాదు, ఆకు నుంచి శుద్ధి చేసి తీసిన స్టీవియోల్ గ్లైకోసైడ్లు. వాటిలో రెబాడియోసైడ్ ఎ అనేది చవక. అది అతిమధురం లాంటి చేదును గొంతులో వదులుతుంది, మోతాదు పెరిగేకొద్దీ తీపి కన్నా చేదు ముందుకొస్తుంది. రెబాడియోసైడ్ ఎం రుచి చాలా శుభ్రంగా ఉంటుంది. లేబుల్ మీద ‘రెబ్ ఎం’ అని ఉంటే కాస్త ఎక్కువ పెట్టి కొన్నా నష్టం లేదు. స్టీవియా నచ్చలేదన్నవారిలో చాలామంది రుచి చూసింది మొదటి రకాన్నే.

సాచెట్లు, చెంచాకు చెంచా పొడులు

ఇక్కడ లేబుల్ శ్రద్ధగా చదవాలి. 1 గ్రాము సాచెట్‌లో సుక్రలోజ్ ఉండేది సుమారు 12 మిల్లీగ్రాములు. మిగిలినదంతా డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. మాల్టోడెక్స్‌ట్రిన్ గ్లూకోజ్ అణువుల చిన్న గొలుసు, రక్తంలో చక్కెరను దాదాపు గ్లూకోజ్ అంత వేగంగానే పెంచుతుంది. చిటికెలో ఇమిడిపోయే తీపిని చేతికి అందేలా చేయడానికి ఈ పూరకం వేస్తారు. ఒక సాచెట్‌లో 4 కేలరీల లోపే ఉంటాయి. అమెరికా నిబంధనల్లో ఒక మోతాదుకు 5 కేలరీల లోపుంటే సున్నా అని రాసుకోవచ్చు. డబ్బా మీద కనిపించే ‘సున్నా కేలరీలు’ అలా వచ్చిందే.

ఇది మోసమని కొట్టిపారేయడం సరికాదు. ఆ సాచెట్ రెండు చెంచాల చక్కెర తీపినిస్తుంది. 8 గ్రాముల చోట ఒక్క గ్రాము పడుతోంది, లాభం లాభమే. తేడా వచ్చేది రోజుకు పది, పన్నెండు వాడేవారికి, రక్తంలో చక్కెరను గ్రాముల్లో లెక్కపెట్టుకునేవారికి. పళ్ళ లెక్కలో కూడా ఇది పూర్తి సున్నా కాదు, ఆ పూరకాన్నీ నోటి బ్యాక్టీరియా పులియబెడుతుంది.

చెంచాకు చెంచా పొడి అదే సాచెట్‌కు పెద్దన్న. గాలి నింపి ఉబ్బించిన మాల్టోడెక్స్‌ట్రిన్ అది. అందుకే డబ్బా పెద్దగా ఉన్నా బరువుండదు. ఒక కప్పు పొడిలో సుమారు 24 గ్రాముల పిండిపదార్థం, 96 కేలరీలు. అదే కప్పు చక్కెర 200 గ్రాములు, 770 కేలరీల పైమాటే. పెద్ద తగ్గుదలే, కానీ సున్నా అనుకుని ఇన్సులిన్ లెక్క వేసుకుంటే తప్పుతుంది. ఈ పొడిని తూకం ప్రకారం వాడకూడదు. వంట పుస్తకంలో 200 గ్రాముల చక్కెర అని ఉందని ఈ పొడి 200 గ్రాములు తూచి వేస్తే తీపి ఎనిమిది రెట్లు అవుతుంది. కప్పుల కొలతే వాడాలి.

ఎరిత్రిటాల్ పలుకులు, వంటలో వచ్చే తంటాలు

చక్కెరలా కనిపించే పలుకులు ఎక్కువగా ఎరిత్రిటాల్. తీపి చక్కెరలో 60 నుంచి 70 శాతం ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి స్టీవియా గానీ మాంక్ ఫ్రూట్ అనే పండు నుంచి తీసిన తీపి గానీ కలుపుతారు. ‘మాంక్ ఫ్రూట్’ అని పెద్ద అక్షరాలతో రాసిన డబ్బాల్లో చాలావాటికి పదార్థాల జాబితాలో మొదటి పేరు ఎరిత్రిటాలే. బరువు ప్రకారం పై నుంచి కిందికి రాస్తారు కాబట్టి మొదటి పేరే అసలు సరుకు. తిన్నదాంట్లో దాదాపు 90 శాతం చిన్నపేగులోనే రక్తంలో కలిసి, మార్పు లేకుండా మూత్రంలో పోతుంది. అందుకే కేలరీలు గ్రాముకు 0.2 మాత్రమే, రక్తంలో చక్కెర పెరగదు, పళ్ళు పుచ్చవు.

వంటకు వచ్చేసరికి చక్కెర అంటే తీపి ఒక్కటే కాదని ఇది బాగా చూపిస్తుంది. కేకులో చక్కెర తేమను పట్టి ఉంచుతుంది, పిండి గట్టిపడటాన్ని ఆలస్యం చేసి కేకు పొంగడానికి వ్యవధి ఇస్తుంది, వెన్నతో గిలకొట్టినప్పుడు గాలిని బంధిస్తుంది, పైన గోధుమ రంగు తెస్తుంది. 200 గ్రాముల చక్కెర తీపి సుక్రలోజ్‌లో గ్రాములో మూడో వంతు చాలు. మిగిలిన 199 గ్రాముల పైచిలుకు ఖాళీని ఏం పూడ్చాలి? మాత్రలు, చుక్కలతో కేకు ఎందుకు కుదరదో ఇదే కారణం. ఎరిత్రిటాల్‌కు ఆ పరిమాణం ఉంది. అంతమేర మేలు. కానీ తేమను పట్టదు, రంగు రాదు, ఈస్ట్ దాన్ని తినదు కాబట్టి రొట్టె పొంగడానికి సాయపడదు. రొట్టె పిండి త్వరగా పొంగాలంటే ఒక చెంచాడు నిజమైన చక్కెర వేసుకోవచ్చు.

దాని అసలు పేచీ కరగడంతో. గది వేడిమిలో 100 గ్రాముల నీటిలో చక్కెర 200 గ్రాముల దాకా కరిగితే ఎరిత్రిటాల్ అందులో మూడో వంతు కూడా కరగదు. వేడిగా ఉన్నప్పుడు సిరప్ అద్దంలా ఉంటుంది, చల్లారగానే పలుకులు తిరిగి విడివడతాయి. సాస్, సిరప్, కస్టర్డ్ మర్నాటికి ఇసుకలా తగులుతాయి. పైగా నాలుక మీద కరిగేటప్పుడు పుదీనా బిళ్ళలా చల్లగా అనిపిస్తుంది. చాక్లెట్‌లో ఇది మరీ తెలుస్తుంది. ఈ రెండూ తగ్గాలంటే పలుకులను మిక్సీలో మెత్తగా పొడి చేసి జల్లించి వాడాలి. చక్కెర మొత్తాన్నీ కాకుండా సగాన్నే దీనితో మార్చాలి, కేకు పిండిలో ద్రవం రెండు మూడు చెంచాలు పెంచాలి. 200 గ్రాముల చక్కెర చోట 100 గ్రాముల చక్కెర, 100 గ్రాముల ఎరిత్రిటాల్ మిశ్రమం పెడితే కేకు కేకులాగే వస్తుంది, చక్కెర సగానికి దిగుతుంది. పూర్తిగా మార్చి పొడిపొడిగా రాలిపోయే కేకును ఇష్టం లేకుండా తినడం కన్నా ఇది నిలకడగా సాగే పద్ధతి.

జామ్‌కు ఏదీ సరిగా పనికిరాదు. జామ్‌లో చక్కెర 60 శాతానికి పైగా ఉండి నీటిని బంధించడం వల్లే అది బయట పాడవకుండా నిలుస్తుంది. ప్రత్యామ్నాయాలతో చేసినది పండు గుజ్జు కిందే లెక్క. ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో ముగించాలి.

అల్యులోజ్ అనే మరో తీపి పదార్థం దొరికే చోట ఉంటే వంటకు అదే మా మొదటి ఎంపిక. తీపి చక్కెరలో 70 శాతం, గ్రాముకు 0.4 కేలరీలు, రక్తంలో చక్కెరను పెంచదు. రంగు బాగా తెస్తుంది, చల్లారినా పలుకు కట్టదు, ఐస్‌క్రీమ్‌ను మెత్తగా ఉంచుతుంది. చక్కెర కన్నా త్వరగా మాడుతుంది కనుక ఓవెన్ వేడి 10, 15 డిగ్రీలు తగ్గించుకోవాలి. అన్ని దేశాల్లోనూ అనుమతి లేదు. ఎక్కువ తింటే కడుపు ఉబ్బరిస్తుంది.

సహజమైనవి అన్న పేరుతో

తేనెలో ఐదింట నాలుగు వంతులు చక్కెరలే, మిగిలినది దాదాపు నీరు. బ్రౌన్ షుగర్ అంటే చక్కెరకు కొద్దిగా మొలాసిస్ పూత. అందులోని ఖనిజాలు ఒంటికి అందాలంటే తినాల్సిన మోతాదు ఊహించడానికే లేదు. అగావేలో ఫ్రక్టోజ్ ఎక్కువ కాబట్టి గ్లైసీమిక్ ఇండెక్స్ (రక్తంలో గ్లూకోజ్‌ను ఎంత పెంచుతుందో చెప్పే అంకె) తక్కువగా కనిపిస్తుంది, దాన్నే గొప్పగా రాస్తారు. రక్తంలో గ్లూకోజ్ పెరగకపోవడానికి కారణం ఆ భారమంతా కాలేయం మోయడమే. రుచి కోసం ఇష్టమైతే వాడండి, గ్రాములు మాత్రం చక్కెర ఖాతాలోనే రాసుకోండి. ఏడాది నిండని పసిబిడ్డలకు తేనె నాకించకూడదు. అందులో ఉండే అవకాశమున్న బోటులిజం అనే ప్రమాదకర వ్యాధి బీజాలను వారి పేగులు ఎదుర్కోలేవు.

షుగర్ ఫ్రీ చాక్లెట్లు, బిస్కెట్లు

అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం షుగర్ ఫ్రీ అంటే 100 గ్రాములకు చక్కెర 0.5 గ్రాము మించకూడదు. పిండి గురించి, కొవ్వు గురించి ఆ మాట ఏమీ చెప్పదు. షుగర్ ఫ్రీ బిస్కెట్‌లోని మైదా రక్తంలో గ్లూకోజే అవుతుంది. ‘చక్కెర కలపలేదు’ అన్నది ఇంకా వేరు. పండ్ల గుజ్జుతో, ఖర్జూరంతో తీపి చేసిన వస్తువు మీద కూడా ఆ మాట కనిపించవచ్చు.

చాక్లెట్లలో వాడేది ఎక్కువగా మాల్టిటాల్. తీపి చక్కెరలో 90 శాతం, రుచీ కరకరా దాదాపు అంతే, అందుకే తయారీదారులకు ఇష్టం. కానీ గ్రాముకు 2 కేలరీల పైనే, రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది కూడా. అరగని భాగం పెద్దపేగులో పులిసి నీటిని లాగుతుంది. 30, 40 గ్రాములు ఒక్కసారి తిన్నవారికి గ్యాస్, నీళ్ళ విరేచనాలు మామూలే. ఒక పెద్ద బార్‌లో అంత ఉంటుంది. మాల్టిటాల్ లాంటి పాలియాల్స్ (చక్కెర ఆల్కహాల్స్) 10 శాతం దాటి కలిపితే విరేచనాల హెచ్చరిక రాయాలని యూరప్ నిబంధన. పేగుల వ్యాధి ఉన్నవారు వీటికి దూరంగా ఉండాలి. జైలిటాల్ ఉన్న చూయింగ్ గమ్ పళ్ళకు మంచిదే, కానీ కుక్కకు అది కొద్దిగా తగిలినా ప్రాణాపాయం. ఇంట్లో కుక్క ఉంటే అందని చోట పెట్టండి.

భయాలు, పరిమితులు

2023 జులైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్పర్టేమ్‌ను 2బి వర్గంలో చేర్చింది. క్యాన్సర్ కారకం కావచ్చు, ఆధారాలు పరిమితం అని దాని అర్థం. ఎంత తింటే ప్రమాదమో ఆ వర్గీకరణ చెప్పదు. అది చూసేది ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం జెక్ఫా. అది అదే నెలలో రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల పరిమితిని మార్చకుండా ఉంచింది. 60 కిలోల మనిషికి 2400 మిల్లీగ్రాములు. మాత్రలో సుమారు 20 ఉంటుంది కాబట్టి ఆ గీత 120 మాత్రల దగ్గర ఉంది. టీ తాగేవారెవరూ అక్కడికి చేరరు.

పిల్లల సంగతి అలా కాదు. స్టీవియాకు పరిమితి కిలోకు 4 మిల్లీగ్రాములు, అదీ స్టీవియోల్ లెక్కన. రెబాడియోసైడ్ ఎ లెక్కకు మారిస్తే కిలోకు సుమారు 12. 15 కిలోల బిడ్డకు 180 మిల్లీగ్రాములు, అంటే తొమ్మిది పది చెంచాల చక్కెర తీపికి సమానం. స్టీవియా పానీయం, పెరుగు, చాక్లెట్ మూడూ ఒకే రోజు ఇస్తే ఆ దరిదాపులకు వెళ్తారు. పిల్లలకు ఈ సరుకు ఏదీ రోజువారీ అలవాటు చేయవద్దన్నది మా గట్టి అభిప్రాయం. వారికి నేర్పాల్సింది తక్కువ తీపికి అలవాటు పడటం.

ఎరిత్రిటాల్ మీద మాత్రం కాస్త జాగ్రత్త అవసరం. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని, అది ప్లేట్‌లెట్లు గడ్డకట్టే గుణాన్ని పెంచుతోందని అందులో ఉంది. శరీరం కూడా స్వయంగా కొంత ఎరిత్రిటాల్ తయారుచేస్తుంది కాబట్టి కారణం తిన్నదేనని తేలిపోలేదు. అదే ఏడాది యూరప్ ఆహార భద్రతా సంస్థ కిలో బరువుకు 0.5 గ్రాము పరిమితి పెట్టింది, అది విరేచనాల ఆధారంగా. 60 కిలోల వారికి 30 గ్రాములు. గుండె జబ్బు ఉన్నవారు, రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవారు రోజూ వాడకపోవడం మంచిది. మిగతావారు అప్పుడప్పుడు ఒక ముక్క కేకుతో సరిపెట్టుకోవచ్చు.

2022లో సెల్ పత్రికలో వచ్చిన మరో ప్రయోగంలో 120 మంది ఆరోగ్యవంతులకు రెండు వారాలు నాలుగు రకాల స్వీటెనర్లు ఇచ్చారు. సాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవారిలో గ్లూకోజ్‌ను సర్దుకునే శక్తి కొంత తగ్గింది, అది వ్యక్తిని బట్టి, వారి పేగు సూక్ష్మజీవులను బట్టి మారింది. రెండు వారాల ఫలితంతో ఏళ్ళ తరబడి ఏమవుతుందో చెప్పలేం. షుగర్ ఉన్నవారు మాత్రం కొత్త సరుకు మొదలుపెట్టినప్పుడు గ్లూకోమీటర్‌తో వారం పది రోజులు తమ అంకెలు చూసుకోవాలి.

ఎలా వాడితే పని చేస్తుంది

బరువు తగ్గడానికి ఈ స్వీటెనర్ల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. ఆ సూచన ఇప్పటికే షుగర్ వ్యాధి ఉన్నవారికి వర్తించదు, ఎరిత్రిటాల్ లాంటి పాలియాల్స్‌కూ వర్తించదు. టీలో 30 కేలరీలు మిగిల్చాం కదా అని బిస్కెట్ రెండోది తీసుకుంటే లెక్క మొదటికొస్తుంది. తీపి అంతే ఉంటే నాలుక కోరేది కూడా అంతే ఉంటుంది.

అందుకే ఈ డబ్బాను దిగే మెట్లుగా వాడమంటాం. రెండు చెంచాలు వేసుకునేవారు మొదటి రెండు వారాలు ఒక చెంచా, ఒక మాత్ర. తరువాత రెండు వారాలు అరచెంచా, ఒక మాత్ర. ఆపైన ఒక్క మాత్ర. చివరికి సగం మాత్ర, లేదా ఏమీ లేకుండా. మొదటి వారం చప్పగా తోస్తుంది, రెండు మూడు నెలలకు పాత తీపి వెగటవుతుంది. మధ్యలో ఒక రోజు పాత మోతాదుకు వెళ్తే మెట్టు తప్పినట్టు కాదు, మర్నాడు అదే మెట్టు నుంచి సాగించండి. డైట్ కోలా తాగేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: చక్కెర లేకపోయినా అందులోని ఆమ్లం ఎనామెల్‌ను నేరుగా తినేస్తుంది. భోజనంతో ఒక్కసారి తాగెయ్యడం నయం, పూటంతా చప్పరించడం కీడు. తాగిన వెంటనే బ్రష్ చేయకూడదు, నీళ్ళు పుక్కిలించి అరగంట ఆగాలి.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ వ్యాధి మందులు గానీ వాడేవారి ఇంట్లో ఈ సరుకు మాత్రమే ఉంచడం ప్రమాదం. చెమటలు, వణుకు, తికమక మొదలై రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా పడిపోయినప్పుడు స్వీటెనర్ కలిపిన టీ, డైట్ డ్రింక్ ఏ పనీ చేయవు. 15 గ్రాముల గ్లూకోజ్ లేదా చక్కెర తీసుకోవాలి, అంటే సమంగా తీసిన నాలుగు చెంచాలు. 15 నిమిషాలకు మళ్ళీ చూసుకుని, పెరగకపోతే మరోసారి. అకార్బోస్ అనే షుగర్ వ్యాధి మందు వాడేవారికి చక్కెర కూడా ఆలస్యం చేస్తుంది, ఆ మందు చక్కెరను విడగొట్టే ఎంజైమ్‌నే ఆపుతుంది కాబట్టి. వారి దగ్గర నేరుగా గ్లూకోజ్ పొడో, గ్లూకోజ్ బిళ్ళలో ఉండాలి. స్వీటెనర్ డబ్బీ, గ్లూకోజ్ డబ్బీ ఒకేలా కనిపించకుండా వేర్వేరు చోట్ల పెట్టి, పెద్ద అక్షరాలతో పేరు రాసి, ఇంట్లో వారందరికీ చూపించి ఉంచండి.